దుప్పటి కింద ఇటుకలు

పోయిన వారం మనం కోడల్ని నడిరోడ్డు మీద, ఒక చెయ్యి పిల్లల బండి పిడి మీద, రెండో చెయ్యి అందులోని దుప్పటి అంచు మీద ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం నుంచీ అలాగే నిలబడి ఉంది. బండిలో ఏముందో చెప్పకుండా ఎలా ఆపేస్తారని కొందరు కోప్పడ్డారు కూడా. న్యాయమైన కోపమే. అందుకని ముందు దుప్పటి ఎత్తేద్దాం, మిగతా సంగతులు తర్వాత.

దుప్పటి కింద పాప లేదు, బాబూ లేడు. తువ్వాలులో చక్కగా చుట్టిన రెండు ఇటుకలు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ కోడలి మామగారిని వీధంతా చక్రాలాయన అంటారు. ఊళ్ళో రెండు తరాల పిల్లలు లోకాన్ని మొదట చూసింది ఆయన చేసిన బండ్లలో పడుకునే. ఇప్పుడు పసిపిల్ల ఏడుపు వినబడితే జనం కిటికీలు తెరిచి చూస్తున్నారు, అంత అపురూపమైపోయింది. పిల్లలు లేనిచోట పిల్లల బండ్లు ఎవరికి? అందుకే కార్ఖానా అమ్మేస్తున్నానని ఆయన ప్రకటించాడు. వృద్ధుల హోం నడిపే ఒక మేడమ్ ఈ సాయంత్రం నాలుగింటికి సంతకాలకు వస్తోంది. ఆ స్థలంలో ఇంకో హోం కడుతుందట. సరిగ్గా ఈ సమయంలో కోడలికి ఒక అనుమానం పుట్టింది. ఊళ్ళో పుట్టేవాళ్ళు లేరు, అయినా బజారు దుకాణంలో ఆయన చేసిన నీలం రంగు బండ్లు మాత్రం అమ్ముడవుతూనే ఉన్నాయి. ఎవరు కొంటున్నారు? అందులో ఎవరిని పడుకోబెడుతున్నారు? ఆ అనుమానమే ఆమెను రిటైరైన టీచరమ్మ వెనకాల ఇంతదూరం నడిపించింది.

ఇటుకలు చూడగానే కోడలికి ఒళ్ళు ఝల్లుమంది. ఒకప్పుడు ఊరందరిచేతా ఎక్కాలు వల్లె వేయించిన మనిషి టీచరమ్మ. పెళ్ళి చేసుకోలేదు. పాఠాలు చెప్పిన బడికి కూడా పిల్లల్లేక తాళం పడింది. ఒంటరితనం ఎంత పని చేసింది అనుకుంది కోడలు. మతి చెదిరినవాళ్ళకు ఎదురు చెప్పకూడదని ఎక్కడో విన్నమాట గుర్తొచ్చి, గొంతు తగ్గించి, "బాబు నిద్రపోతున్నాడా టీచరమ్మా?" అని అడిగింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇటుకల వైపు చూసి నవ్వి, "అచ్చం మీ పోలికే," అని కూడా అంది.

టీచరమ్మ ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"అవి ఇటుకలు. నీకు ఒంట్లో బాగానే ఉందా?"

కోడలికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మరి... దుప్పటి కప్పారు కదా?"

"వాటికి చలేస్తుందని కప్పలేదమ్మా. జనం నవ్వుతారని కప్పాను. ఇలా చూడు." టీచరమ్మ ఇటుకలు రెండూ తీసి కోడలి చేతిలో పెట్టింది. ఖాళీ బండి పిడి మీద కాస్త బరువు మోపింది, అంతే. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. కోడలు కెవ్వుమని ఆమె రెక్క పట్టుకుంది.

"చూశావా? మీ మామ ఈ బండి లోపల బిడ్డ ఉంటుందని చేశాడు. బిడ్డ బరువు లేకపోతే ఇది నా మీదకే తిరగబడుతుంది. అందుకని బిడ్డకు బదులు ఇవి. ఇప్పుడు ఎంత ఆనుకున్నా కదలదు. మార్కెట్ దాకా వెళ్ళొస్తాను, అలిసిపోతే ఆనుకుని నిలబడతాను, సరుకులు ఇందులోనే పడేస్తాను."

"కర్ర పట్టుకోవచ్చు కదా టీచరమ్మా?"

"కర్ర పట్టుకున్న రోజున అందరూ జాలిగా చూశారు. రోడ్డు దాటిస్తామన్నారు, నేను దాటాలనుకోకపోయినా దాటించారు. బండి తోస్తే చూడు, దారి ఇస్తారు. ఈ మనిషికి ఏదో పని ఉంది అనుకుంటారు." అంటూ ఆవిడ రోడ్డు అవతలికి గడ్డం ఎత్తి చూపింది. "నేనొక్కదాన్నే అనుకున్నావా? అటు చూడు."

అవతలి కాలిబాట మీద టైలరు పనిచేసి మానేసిన ముసలావిడ ఒకామె నీలం బండి తోసుకుంటూ వస్తోంది. మందుల షాపు ముందు ఇంకో నీలం బండి ఆగి ఉంది.

"ఆ టైలరమ్మ ఇసుక సంచి పెట్టుకుంటుంది. ఇంకొకావిడ నీళ్ళ క్యాను పెడుతుంది. కొనేటప్పుడు దుకాణంలో మాత్రం అందరం మనవరాలికే అంటాం. ఎవరింట్లోనూ మనవరాళ్ళు లేరనుకో."

కోడలు ఆ నీలం బండ్లను మళ్ళీ చూసింది. ఎక్కడో కాదు, కళ్ళముందే ఉంది సమాధానం! కార్ఖానా మూతపడక్కర్లేదు. పుట్టేవాళ్ళు తగ్గారు సరే, నడవాల్సినవాళ్ళు పెరిగారు కదా! "టీచరమ్మా, మీరు నాతో రావాలి, ఇప్పుడే, ఈ క్షణమే," అని ఇటుకలు బండిలో పడేసి ఆవిడ చెయ్యి పట్టుకుంది. అప్పటికే మూడు దాటింది. టీచరమ్మ బండి గడగడలాడుతూ పరిగెత్తింది, వెనక టీచరమ్మ, పక్కన కోడలు. అంత వేగంగా పోతున్న పిల్లల బండిని చూసి ఒకాయన పాపకు ఏమైందో అని కంగారుగా దారి ఇచ్చాడు.

చక్రాలాయన కార్ఖానా కింద, కాపురం పైన. రేకుల కప్పు కింద ఒక గోడ నిండా వంచిన ఇనుప గొట్టాలు, ఇంకో గోడకు కొక్కేలకు వేలాడే చక్రాలు, మూల కోడలి కుట్టుమిషను, దాని పక్కన బండ్ల పైకప్పు గుడారాలకు వాడే నీలం కాన్వాసు చుట్ట. మధ్యలో వెల్డింగ్ బల్ల దగ్గర కుర్రాడు. కుర్రాడంటే యాభై ఎనిమిదేళ్ళవాడు. బట్టతల, చత్వారం కళ్ళజోడు. ఆయన తర్వాత ఆ కార్ఖానాలో ఇంకెవ్వరూ చేరలేదు కాబట్టి ఈనాటికీ ఆయనే కుర్రాడు.

చక్రాలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుని గేటు వైపు చూస్తున్నాడు. పెళ్ళివారి కోసం కాదు, అప్పగింతల కోసం ఎదురు చూస్తున్నట్టుంది ముఖం.

"మామయ్యగారూ, అమ్మొద్దు!" అని రొప్పుతూనే మొదలుపెట్టింది కోడలు. మార్కెట్ రోడ్డు, టీచరమ్మ, ఇసుక సంచి, నీళ్ళ క్యాను, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేసింది. "మన బండి కొంటున్నది వీళ్ళే! ఆ ఒక్క రోడ్డులోనే ఇంతమంది ఉంటే ఊరంతా ఎంతమంది ఉండాలి? వాళ్ళకోసమే కొత్త బండి చేద్దాం. పిడి ఎత్తు పెంచుదాం, కూర్చోడానికి చిన్న పీట పెడదాం. వందల బండ్లు అమ్ముడుపోతాయి, పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తారు..."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నాడు కుర్రాడు తనలో తను. అయినా వెల్డింగ్ ఆపేసి కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని వింటున్నాడు.

చక్రాలాయన సంతోషిస్తాడని కోడలు అనుకుంది. ఆయన ముఖం ఎర్రబడింది. లేచి వచ్చి దుప్పటి తీసి చూశాడు.

"నా బండిలో ఇటుకలా?" అన్నాడు. తర్వాత టీచరమ్మ వైపు తిరిగాడు. "ఎన్నిసార్లు పడ్డావు?"

"ఒక్కసారి కూడా పడలేదు."

"పడతావు. ఆ ఇరుసు పసిబిడ్డ బరువుకు చేసింది. పిడి నెట్టడానికి పెట్టింది, మనిషి ఆనుకోవడానికి కాదు. నా బండిలోంచి ఇన్నేళ్ళలో ఒక్క బిడ్డ జారి పడలేదు. ఇప్పుడు పోయేకాలంలో ముసలివాళ్ళ నడుములు విరగ్గొట్టిన పాపం మూట కట్టుకోమంటారా?" గొంతు పెరిగింది. కోడలి వైపు వేలు చూపాడు. "అసలు మీరు ఒకళ్ళనో ఇద్దర్నో కంటే ఈ గోలంతా ఎందుకు? బండ్లు చేసేవాణ్ణి నేనున్నాను, కనేవాళ్ళే లేరు!"

మాట జారింది. కోడలికి ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది. పెళ్ళయి ఏడేళ్ళు. వీధిలోవాళ్ళు అడిగారు, చుట్టాలు అడిగారు, ఈ మామగారు మాత్రం ఇన్నాళ్ళూ ఒక్కమాట అనలేదు. అందుకే ఎక్కువ నొప్పి పుట్టింది. ఏడవకూడదని గట్టిగా అనుకుంది, ఏడవలేదు.

"మామయ్యగారూ, మీ అమ్మగారు ఎంతమందిని కన్నారు?"

"ఏడుగుర్ని. అయితే?"

"ఎంతమంది బతికారు?"

"ముగ్గురం."

"మరి మీరెందుకు ఒక్కరితో ఆపేశారు?"

"పుట్టినవాడు బతుకుతాడని డాక్టరు ధైర్యం చెప్పాడు. ఒక్కణ్ణే బాగా చదివించుకుందాం అనుకున్నాం."

"బాగానే చదివించారు. ఆ చదువు, ఆ ఉద్యోగం కుదిరేసరికి ఆయనకు ముప్పై దాటింది. నన్నూ మావాళ్ళు అలాగే చదివించారు. ఇప్పుడు మీరిద్దరు, మా అమ్మానాన్న, మా అమ్మమ్మ. చల్లగా నూరేళ్ళూ ఉండండి, నేను వద్దనడం లేదు. కానీ మీ ఐదుగురిలో ఎవరికి ఏమొచ్చినా పరిగెత్తాల్సింది మేమిద్దరమే. అటు తోడబుట్టినవాళ్ళు లేరు, ఇటూ లేరు. పోయినేడాది బిడ్డ సంగతి అనుకున్నాం మామయ్యగారూ. అప్పుడే అత్తయ్యగారు మెట్ల మీద జారిపడ్డారు. అది కుదుటపడేలోపు అమ్మమ్మకు ఆపరేషను. అనుకోవడం అనుకోవడం దగ్గరే ఆగిపోయింది."

చక్రాలాయన కళ్ళు దించుకున్నాడు.

టీచరమ్మ తన బండి పిడి మీద రెండు చేతులూ ఆనించి, క్లాసులో అల్లరి అణచినప్పటి గొంతుతో అంది. "తిలాపాపం తలా పిడికెడు, ఏమయ్యా. డాక్టర్లు చావుల్ని ఆపారు. మేము ఆడపిల్లలకు చదువు చెప్పి ఉద్యోగాలకు పంపాం. నువ్వు ఒక్కడితో ఆపావు. ఇందులో ఏదైనా తప్పు పని ఉందా? లేదు. అన్ని మంచి పనులూ కలిసి నా బడికి తాళం వేశాయి. నేను తాళం ముందు కూర్చుని ఏడవలేదు, బండి కొనుక్కున్నాను."

"కొనుక్కుని నా బండిలో ఇటుకలు పెట్టావు!"

"నువ్వు మంచి బండి చేస్తే తీసేస్తాను!"

"మీరు కార్ఖానా మూసేసినా వీళ్ళు బండి తోయడం మానరు మామయ్యగారూ," అంది కోడలు. ఇప్పుడు ఆమె గొంతు తగ్గింది, మాట మాత్రం గట్టిపడింది. "ఇటుకలు పెట్టుకునే తోస్తారు. పడితే మీ బండి మీద నుంచే పడతారు. తేడా ఒక్కటే, సరిచేసేవాళ్ళు ఉండరు."

జవాబు పై నుంచి వచ్చింది.

"ఆ బండి ఇటు తీసుకురా అమ్మాయ్."

మెట్ల మీద అత్తగారు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది. జారిపడ్డప్పటి నుంచి ఆవిడ కిందికి దిగలేదు. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. కర్ర తెచ్చిస్తే అటక మీద పడేయించింది. కర్ర పట్టుకుంటే ముసలిదాన్నని దండోరా వేసుకున్నట్టే అని ఆవిడ వాదన. ఆవిడ వయసు డెబ్భై ఆరు, ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కోడలు బండి మెట్ల కిందికి తోసింది. అత్తగారు పిడి పట్టుకుంది. ఒక అడుగు వేసింది. బండి కదిలింది, మనిషి కూడా కదిలింది. ఇంకో అడుగు. వెల్డింగ్ బల్ల దాటింది, గేటు దాటింది.

"ఇక చాలు, వెనక్కి రా," అన్నాడు చక్రాలాయన. చేతులు చాపి, ముట్టుకోకుండా పక్కనే నడుస్తున్నాడు, తొలి అడుగులు వేసే పిల్ల పక్కన నడిచినట్టు.

"మీరు పక్కకు జరగండి, దారికి అడ్డం," అంది ఆవిడ. ముఖం వెలిగిపోతోంది. ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు. కోడలికి పట్టరాని సంతోషం వచ్చి గేటు దగ్గర నిలబడి గెంతినంత పని చేసింది. ఆ సంతోషంలో ఆమె కూడా ఒక సంగతి మరిచిపోయింది. వీధి మలుపు తర్వాత పెద్దరోడ్డు దాకా పల్లం.

అత్తగారు మలుపు తిరిగింది. నీరు పల్లమెరుగు అంటారు, బండికి కూడా పల్లం తెలుసు. ఇటుకల బరువుతో ముందుకు లాగింది.

"బ్రేకు!" అని అరిచాడు చక్రాలాయన. "కిందుంది, కాలితో నొక్కు!"

కాలితో నొక్కాలంటే కాలు ఎత్తాలి. విరిగి అతికిన కాలు అది. ఎత్తబోయింది, ఒళ్ళు ఊగింది, మళ్ళీ నేలకు ఆనించింది. పిడి మాత్రం వదల్లేదు. బండి లాగుతోంది, ఆవిడ దాని వెనక చిన్న చిన్న అడుగులతో పరిగెడుతోంది. కింద నుంచి ఒక తెల్లకారు ఎక్కి వస్తోంది. కోడలు పరిగెత్తింది, కుర్రాడు పరిగెత్తాడు. అందరికంటే ముందు ఇస్త్రీ చొక్కా పరిగెత్తింది. బండిని దాటిపోయి, దానికి ఎదురు తిరిగి, ముందు అంచును రెండు చేతులతో పట్టుకుని అలాగే రోడ్డు మీద కూలబడిపోయాడు చక్రాలాయన. బండి ఆయన ఛాతీకి ఆనుకుని ఆగింది. కారు కూడా కీచుమని ఆగింది. ఒక ఇటుక దొర్లి రోడ్డు మీద పడింది.

అంతలో అత్తగారు నవ్వింది. నిలబడే ఉంది, పడలేదు. పడకుండా ఆ పల్లం సగం దిగిందన్నమాట.

"ఎన్నాళ్ళకు గాలి తగిలింది ముఖానికి!" అంది.

చక్రాలాయనకు నవ్వు రాలేదు, ఆలోచన వచ్చింది. రోడ్డు మీద కూర్చునే కేకలు మొదలుపెట్టాడు. "కుర్రాడా! కాలి బ్రేకు పనికిరాదురా! చేతి బ్రేకు పెట్టాలి, పిడి కిందే! నొక్కి పట్టుకుంటే కదలాలి, వదిలేస్తే దానంతటదే ఆగిపోవాలి! ఇరుసు వెడల్పు చెయ్యాలి, బరువు అడుగున బిగించెయ్యాలి, ఇటుకలూ ఇసుకలూ కాదు! అమ్మాయ్, టేపు ఉందా? మీ అత్తయ్య మోచేతి ఎత్తు కొలువు, ఇప్పుడే!"

కోడలి మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తుంటే వంగి కొలిచింది. తెల్లకారులోంచి హోం మేడమ్ దిగింది. చేతిలో కాగితాల సంచి.

"క్షమించాలి మేడమ్," అన్నాడు చక్రాలాయన కింద నుంచే. "కార్ఖానా అమ్మను. మాకు పని ఉంది."

కుర్రాడు ఈల వేశాడు. యాభై ఎనిమిదేళ్ళ కుర్రాడు వేసిన ఈల కాబట్టి సగం గాలే వచ్చింది.

మేడమ్ కోపం తెచ్చుకోలేదు. ఓడిపోయినా మర్యాద తప్పని మనిషి. "మీ ఇష్టం సార్. స్థలం ఇంకోటి చూసుకుంటాను," అంది. తర్వాత అత్తగారి వైపు తిరిగి ఆప్యాయంగా నవ్వింది. "మరి మీ సంగతేంటి అమ్మగారూ? ఇప్పుడున్న హోంలోనే తోటవైపు గది మీకోసం ఖాళీగా ఉంచాను. ఒకటో తారీఖుకు వస్తానన్నారు కదా ఫోన్లో?"

కోడలు ఆమె వైపూ, అత్తగారి వైపూ మార్చి మార్చి చూసింది.

"ఎవరి గది?" అన్నాడు చక్రాలాయన. "మా ఇద్దరికా?"

మేడమ్ ముఖం చిన్నబోయింది. చెప్పకూడనిది చెప్పానని అప్పుడు అర్థమైంది ఆమెకు. "ఒక్కరికే సార్," అంది నెమ్మదిగా.

అత్తగారు పిడి వదల్లేదు. నవ్వు మాత్రం పోయింది.

"నేనే ఫోన్ చేశాను. కోడలి మీద కోపంతో కాదు, అబ్బాయి మీద అలిగీ కాదు," అంది. "పొద్దున్నే నన్ను మంచం మీంచి లేపేటప్పుడు మీ చేతులు ఎలా వణుకుతున్నాయో నాకు తెలియదనుకున్నారా? పట్టుకున్న స్పానరు జారిపోతోందని మీరు కార్ఖానాలో పని పట్టుకోవడమే మానేశారు. పిల్లలు పుట్టక అమ్మేస్తున్నానని ఊరందరికీ చెప్పారు, నేనూ నమ్మినట్టు ఊరుకున్నాను. రేపో మాపో నన్ను లేపబోయి మీరు కూడా పడతారు. ఆ రోజు రాకముందే వెళ్ళిపోవాలనుకున్నాను. ఇప్పుడు చెప్పండి, ఆ చేతి బ్రేకు ఎవరు బిగిస్తారు?"

ఇందాక కార్ఖానాలో తను గెలిచానని కోడలు అనుకుంది. మామగారు తనతో వాదించింది పిల్లల గురించి కానే కాదని ఇప్పుడు తెలిసింది.

చక్రాలాయన రెండు చేతులూ ఇంకా బండి ముందు అంచును పట్టుకునే ఉన్నాయి. బండి ఎప్పుడో ఆగిపోయింది. దాని నీలం గుడారం మాత్రం సన్నగా అదురుతూనే ఉంది.